అభిమన్యుడికి పాఠం ఎవరు చెప్పారు?

ప్రశ్న: అభిమన్యుడు కడుపులో ఉండగా పద్మవ్యూహం గురించి విన్నాడనీ, సుభద్ర నిద్రపోవడంతో పాఠం సగంలో ఆగిందనీ మా మనవడికి చెప్పాను. 'భారతంలో అలా లేదు' అని వాడు ఒకటే పోట్లాట. ఎవరిది రైటు?
– ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: ఈసారికి మనవడిదే గెలుపమ్మా. ద్రోణపర్వంలో ధర్మరాజుతో అభిమన్యుడు అనే మాట సాదాగా ఉంటుంది: వ్యూహం ఛేదించడం నాన్న నేర్పాడు, ఆపద వస్తే బయటపడటం మాత్రం నాకు రాదు. అమ్మ నిద్ర ఊసే అక్కడ లేదు. నేనూ ముప్పయ్యేళ్లు తెలుగు క్లాసులో మీలాగే చెప్పాను లెండి.

అసలు కొంప ముంచింది సైంధవుడు. శివుడి వరంతో, అర్జునుడు తప్ప మిగతా నలుగురినీ వాకిట్లోనే ఆపేశాడు. కుదిరిన సంబంధానికి అడ్డుపడ్డవాణ్ణి ఇప్పటికీ 'సైంధవుడు' అని తిట్టేది అందుకే. లోపల కుర్రాడికి విల్లు పోయింది, కత్తి పోయింది, చివరికి రథచక్రం ఎత్తాడు. అదీ ముక్కలైతే గద పట్టాడు. దుశ్శాసనుడి కొడుకూ అతనూ ఒకరినొకరు కొట్టుకుని ఇద్దరూ పడిపోయారు. ముందు లేచింది వాడు. ఇంకా లేవబోతున్న అభిమన్యుడి నెత్తిన గదతో మోదాడు. క్లాసులో ఆ చోటు వచ్చేసరికి, మంచినీళ్ల వంకతో వరండాలోకి వెళ్లిపోయేవాణ్ణి.