పిట్టగోడకు కట్టొద్దు

ప్రశ్న: చెన్నై బెసంట్ నగర్‌లో మా డాబా మీద కట్టిన షేడ్ సెయిల్ (నీడ కోసం మూలలు లాగి కట్టే గుడ్డ తెర), పెద్ద గాలికి పిట్టగోడ ఇటుకలతో సహా ఊడొచ్చింది. మళ్లీ ఎలా బిగించాలి?

జవాబు: తప్పు గుడ్డది కాదండీ. ఇటుక గోడ పక్కకు లాగే బలానికి ఆగదు. కొక్కేలను కాంక్రీటు పిల్లర్‌కో బీముకో, అంచుకు దూరంగా, 12 మి.మీ. కెమికల్ యాంకర్లతో (రంధ్రంలో జిగురు పోసి దించే బోల్టులతో) దించండి. రంధ్రంలో దుమ్ము పూర్తిగా ఊదేయకపోతే జిగురు పట్టదు. సముద్రగాలికి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా తుప్పు మచ్చలు పడతాయి, 316 కొనండి. తెర మూలకూ కొక్కేనికీ మధ్య టర్న్‌బకిల్‌కు (తిప్పి తెరను బిగించే మరకు) జానెడు పైగా ఖాళీ వదలండి. తెర వదులుగా ఉంటే టపటపా కొట్టుకుని కుట్లు తెగుతాయి. తెర నాలుగు మూలల్లో ఒక ఐమూల జత ఎత్తులో, రెండో జత పల్లంలో ఉంటే నీరు నిలవదు. అక్టోబరు-డిసెంబరులో తుపాను హెచ్చరిక వస్తే మాత్రం తప్పక విప్పేయండి.