టెక్ సందేహాలు: ఫ్రీజర్ బిల్లుకు ‘పవర్ సేవర్’ మందు కాదు

సందేహం: షాపులో ఒక వాక్-ఇన్ కూలర్, గాజు తలుపుల ఫ్రీజర్లు ఉన్నాయి. కరెంటు ఖర్చు తగ్గాలంటే ప్లగ్‌లో పెట్టే పవర్ సేవర్ కొనాలా, చల్లదనాన్ని ఫోన్‌తో నడిపే స్మార్ట్ కంట్రోలరా?

జవాబు: పవర్ సేవర్ జోలికి పోకండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ప్రశ్న ఆగడం లేదు. ఆ పెట్టెల్లో సాధారణంగా ఉండేది చిన్న కెపాసిటర్. బిల్లు కిలోవాట్-అవర్ల లెక్కన వచ్చేవాళ్లకు దానివల్ల పైసా మిగలదు. కేవీఏహెచ్ (పనికి మారని కరెంటునూ కలిపి కొలిచే యూనిట్) లెక్కన వస్తే పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) సరిచేయడం లాభమే. అప్పుడైనా లోడు కొలిపించి, ప్యానెల్‌లో తగిన కెపాసిటర్ వేయించాలి.

ముందు కండెన్సర్ కాయిల్ (వేడిని బయటికి వదిలే గొట్టాల చట్రం) దుమ్ము దులపండి, చిరిగిన గాస్కెట్లు (తలుపు అంచు రబ్బరు పట్టీలు) మార్చండి. ఆ తర్వాత డబ్బు పెట్టాల్సింది కూలర్ లోపలి ఫ్యాన్ల మీద. పాత షేడెడ్ పోల్ మోటారు (ఇలాంటి ఫ్యాన్లలో ఉండే చౌక రకం) తీసుకున్న కరెంటులో ఐదో వంతు కూడా సరిగా పనిగా మారదు. మిగతాదంతా వేడై కూలర్‌లోనే చేరుతుంది, దాన్ని మళ్లీ కంప్రెసరే బయటికి తోడాలి. ఈసీ మోటారు (ఎలక్ట్రానిక్ నియంత్రణతో తక్కువ కరెంటుకే తిరిగేది) వేస్తే రెండు ఖర్చులూ తగ్గుతాయి. ఆర్‌పీఎం, తిరిగే దిశ, బ్లేడు కొలత పాతదానికి సరిపోవాలి. గాలి తగ్గితే కూలర్ లోపలి కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. గాజు తలుపులకు చెమ్మ పట్టకుండా ఉండే హీటర్లు రోజంతా నడుస్తుంటే, తేమను బట్టి ఆన్-ఆఫ్ చేసే కంట్రోల్ పెట్టించండి.

స్మార్ట్ కంట్రోలర్ దగ్గరే అసలు భయం. 2013లో అమెరికాలోని టార్గెట్ స్టోర్ల నుంచి సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు దొంగల పాలయ్యాయి. వాళ్లు లోపలికి చొరబడింది రిఫ్రిజిరేషన్ పనులు చేసే కాంట్రాక్టరు లాగిన్‌తో! అయినా ఇప్పటికీ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తోనే కంట్రోలర్ బిగించి, రౌటర్‌లో పోర్టు (బయటి నెట్ నుంచి లోపలికి దారి) తెరిచి వెళ్లిపోయే టెక్నీషియన్లు ఉన్నారు. ఆ పాస్‌వర్డ్ మాన్యువల్‌లోనే అచ్చయి ఉంటుంది. అది తెలిసినవాడు ఎక్కడ కూర్చునైనా డీఫ్రాస్ట్ (మంచు కరిగించే పని) మొదలుపెట్టి సరుకంతా పాడుచేయగలడు.

కాబట్టి బిగించిన రోజే పాస్‌వర్డ్ మార్చండి, పోర్టు ఫార్వర్డింగ్ (రౌటర్‌లో తెరిచిన ఆ దారి) మూయించండి. కంట్రోలర్‌ను బిల్లింగ్ కంప్యూటరున్న నెట్‌వర్క్‌లో కలపకండి, వేరే వీల్యాన్‌లో (అదే రౌటర్ మీద విడిగా నడిచే నెట్‌వర్క్) పెట్టండి. టెక్నీషియన్ రిమోట్ లాగిన్‌ను పని ఉన్నప్పుడే తెరవండి. నెట్‌తో సంబంధం లేని అలారం థర్మామీటరు ఒకటి విడిగా ఉండాలి.

క్లౌడ్ లేకపోతే కదలని కంట్రోలర్లు తయారుచేసేవాళ్ల తీరు క్షమించరానిది. సర్వర్ ఆగిందని ఫ్రీజర్ ఆగకూడదు. కొనే ముందే నెట్ కేబుల్ పీకించి, కూలింగ్, డీఫ్రాస్ట్ రెండూ మామూలుగా నడుస్తున్నాయో లేదో చూడండి. నడవకపోతే సాధారణ డిజిటల్ థర్మోస్టాట్ తీసుకోండి.