మా అమ్మాయి డైటీషియన్ అవుతానంటోంది, చదివించొచ్చా?

ఎమ్మిగనూరు నుంచి ఒక అన్న అడిగిన ప్రశ్న ఇది. కూతురికి ఇంటర్ బైపీసీ అయిపోయింది, నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్ వద్దంటోంది, డైటీషియన్ చదువుతానంటోంది. ఇంట్లో పెద్దోళ్లేమో "వంట నేర్చుకునేదానికి డిగ్రీ ఎందుకు, చేస్తే గీస్తే ఫోన్‌లో ఆర్నెల్ల డిప్లొమా చేయనీ" అంటున్నారంట. ఉద్యోగమొచ్చే చదువేనా, రిజిస్టర్డ్ డైటీషియన్ అంటే ఏంది, మన సీమలో యాడ చదవాల అని ఆయన అడుగుతున్నారు.

అన్నా, మాది తాడిపత్రి పక్కన పల్లె. నేను అదే చదువు చదివి ఇప్పుడు కర్నూల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేస్తున్నా. చదివించండి. కాకపోతే ఐదారేళ్లు ఆగగలిగితేనే. మూడేళ్ల డిగ్రీ అయిపోగానే జీతం తెస్తుందని లెక్క వేసుకుని ఉంటే మాత్రం ఇప్పుడే ఇంకోటి చూసుకోండి.

ముందు దారి చెప్తా. ఇంటర్ తర్వాత హోమ్ సైన్స్ లేదా ఫుడ్ అండ్ న్యూట్రిషన్‌లో బీఎస్సీ. ఆ తర్వాత రెండేళ్ల ఎమ్మెస్సీ, లేదంటే డైటెటిక్స్‌లో పీజీ డిప్లొమా. దాని మీద ఆసుపత్రిలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్. ఇవన్నీ అయ్యాక ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ వాళ్ల బోర్డు పెట్టే ఆర్డీ, అంటే రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయాలి. పాసైతే పేరు పక్కన ఆర్డీ అని రాసుకోవచ్చు. ఆ సంఘం 1963 నుంచి ఉంది, నిన్నమొన్నటిది కాదు. న్యూట్రిషనిస్ట్ అని బోర్డు ఎవరైనా పెట్టుకుంటున్నారు, ఇన్‌స్టాగ్రామ్‌లో చూస్తూనే ఉన్నాం కదా. ఆర్డీ అని మాత్రం పరీక్ష గట్టెక్కినవాళ్లే రాసుకోవాలి.

ఇంట్లోవాళ్లు చెప్పే ఫోన్ డిప్లొమాను మర్చిపోండి. 2021లో కేంద్రం తెచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టంలో డైటీషియన్లనూ చేర్చారు. ఆ చట్టం కిందికొచ్చే కోర్సులను, న్యూట్రిషన్ డైటెటిక్స్‌తో సహా, దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపొద్దని యూజీసీ 2025లో యూనివర్సిటీలకు చెప్పేసింది. ఇప్పటికీ "ఇంట్లో కూర్చుని డైటీషియన్ అవ్వండి" అని ఫోన్ చేసేవాళ్లుంటారు. పదివేలో పాతికవేలో కట్టించుకుంటారు, చేతికొచ్చేది గోడకు తగిలించుకునే కాగితం.

యాడ చదవాలంటారా? అనంతపురంలో శ్రీ సత్యసాయి సంస్థ మహిళా క్యాంపస్ ఉంది. 1968లో మహిళా కాలేజీగా మొదలైంది. అక్కడ పోషకాహార శాస్త్రం విభాగం ఉంది, ఫీజు లేదు, హాస్టల్లో ఉండి చదవాలి, క్రమశిక్షణ గట్టిగా ఉంటుంది. మీ పాపకు సరిపడుతుందేమో మీరే చూసుకోవాలి. తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది, నేను పీజీ చేసింది అక్కడే. మీ ఊరి నుంచి దూరమే, కానీ సీమ పిల్లలు చాలామంది కనిపిస్తారు కాబట్టి బెంగ అంతగా ఉండదు. కర్నూలు, కడప డిగ్రీ కాలేజీల్లో ఏ ఏడాది ఏ గ్రూపు నడుపుతున్నారో నేరుగా పోయి అడగండి, సీనియర్లు చెప్పింది పట్టుకుని పోవద్దు. డిగ్రీ మటుకు పోషకాహారంలోనే ఉండేట్టు చూడండి. మామూలు బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చేసి పీజీలో మారొచ్చులే అనుకున్న నా ఫ్రెండ్‌కు ఒక ఏడాది ఊరికే పోయింది.

ఇక వంట సంగతి. వంట ఉంది, లేదనను. కానీ ఫస్టియర్లో నన్ను ఏడిపించింది వంట కాదు, బయోకెమిస్ట్రీ. ఇంటర్నల్‌లో 38 మార్కులొచ్చాయి, ఇంట్లో చెప్పలేదు. ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ అన్నీ ఉంటాయి. బైపీసీలో కెమిస్ట్రీ అంటే పారిపోయే పిల్ల అయితే ఇక్కడ కూడా కష్టపడుతుంది. నీట్ తప్పించుకునే దారి అనుకుని మాత్రం పంపొద్దు.

అసలు చదువు యాడ మొదలవుతుందో చెప్తా. ఇంటర్న్‌షిప్ హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో చేశా. పొద్దున ఐదున్నరకు డైట్ కిచెన్‌లో ఉండాలి. ప్రతి ట్రేకీ ఒక చీటీ, ఉప్పు లేనిది ఒక రంగు, షుగర్‌ది ఒక రంగు, మెత్తటిది ఇంకో రంగు. ముక్కులో ట్యూబు వేసిన పేషెంట్‌కు రెండు గంటలకోసారి పోసే ఫీడ్ ఎంత చిక్కగా ఉండాలో, ఎన్ని మిల్లీలీటర్లో మేమే లెక్క కట్టి రాయాలి. ఒక మిల్లీలీటరుకు ఒక కేలరీ వచ్చేట్టు కలపమంటే మొదటిరోజు నేను కలిపింది ట్యూబులోకి దిగనే లేదు, గంజి గడ్డకట్టినట్టు ఆగిపోయింది. నర్సమ్మ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

అక్కడే కిడ్నీ వార్డులో ఒకటి నేర్చుకున్నా. డయాలసిస్ మొదలుకాని పేషెంట్‌కు ప్రోటీన్ తగ్గిస్తారు, కిలో బరువుకు రోజుకు 0.6 నుంచి 0.8 గ్రాములు. అదే మనిషి డయాలసిస్‌కు వచ్చాడంటే లెక్క తిరగబడుతుంది, 1 నుంచి 1.2 గ్రాములు ఇవ్వాలి, ఎందుకంటే డయాలసిస్‌లో కొంత ప్రోటీన్ బయటికి పోతుంది. ఇంట్లోవాళ్లకు మాత్రం పాత మాటే గుర్తుంటుంది. "డాక్టర్ పప్పు, గుడ్డు వద్దన్నాడు" అని మనిషిని ఎండబెడతారు. చూడ్డానికి వచ్చిన చుట్టాలేమో ప్రేమగా కొబ్బరిబొండాం కొట్టించి తెస్తారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండె కొట్టుకునే తీరే మారిపోతుంది. ఒక సాయంత్రం బొండాం పేషెంట్ చేతిలోంచి లాక్కున్నా. వాళ్ల మేనత్త నన్ను తిట్టని తిట్టు లేదు. మరుసటి రోజు రిపోర్టు చూపించి డాక్టరుగారే చెప్తే గానీ చల్లబడలేదు.

కర్నూలుకు వచ్చాక ఇంకో రకం దెబ్బ. ఉద్యోగంలో చేరిన మొదటి నెల, ఆలూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. షుగర్, వయసు అరవై దాటింది, ఇంకా సేద్యం చేస్తున్నాడు. నేను చదువుకున్నట్టే కాగితం రాసిచ్చా. పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం రెండు పుల్కా ఒక కప్పు కూర, రాత్రి మళ్లీ రెండు పుల్కా. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, "నువ్వు సెప్పేది బానే ఉంది పాపా, ముద్ద లేకుంటే పొలంలో వంగల్లంటే ఎట్ల?" అన్నాడు. పైగా రాగులు షుగర్‌కు మంచివని విని రోజుకు మూడు ముద్దలు తింటున్నాడంట. నేను ఒక ముద్దే తినమన్నా. "ఎంత ముద్ద?" అన్నాడు. పిడికిలి చూపించా. ఆయన నవ్వి తన చెయ్యి చూపించాడు. నా రెండు పిడికిళ్లు అందులో పట్టేట్టున్నాయి.

ఆ ఆదివారం ఊరికి పోయి మా అమ్మ సంగటి గెలుకుతుంటే కిచెన్ త్రాసు పెట్టుకుని కూర్చున్నా. నలుగురికి నాలుగు ముద్దలు. బియ్యం 160 గ్రాములు, రాగిపిండి 240 గ్రాములు. అంటే ఒక్కో ముద్దలో 40 గ్రాముల బియ్యం, 60 గ్రాముల పిండి. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, ఆహార పదార్థాల పట్టికలు వాళ్లవే, మేం అందరం వాడేవి అవే. దాని ప్రకారం 100 గ్రాముల రాగిపిండిలో పిండిపదార్థం సుమారు 67 గ్రాములు, బియ్యంలో 78. లెక్క కడితే ముద్దకు 70 గ్రాముల పైనే తేలింది. పాతిక గ్రాముల గోధుమపిండితో చేసే పుల్కాలో 16 గ్రాములుంటుంది. అంటే మా ఇంటి ముద్ద ఒకటి నాలుగు పుల్కాలకు పైమాటే, ఆ పెద్దాయన ముద్ద ఇంకా పెద్దది! మూడు ముద్దలంటే ఎక్కడికి పోయిందో చూడండి. అంతసేపూ మా అమ్మ "చదువుకున్న పిల్ల ముద్దలు తూకమేస్తాంది" అని పక్కింటావిడను పిలిచి చూపిస్తూనే ఉంది.

రాగులు చెడ్డవని కాదు నేను చెప్పేది. 100 గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం, పీచు 11 గ్రాములు, బియ్యంలో ఇవి యాడున్నాయి? అయితే రాగి అయినా పిండి పిండే, ఎంత తిన్నాం అన్నదాన్ని బట్టే షుగర్. పెద్దాయన మళ్లీ వచ్చినప్పుడు సంగటి మానమనలేదు. మధ్యాహ్నం మా అమ్మ సైజు ముద్ద ఒకటి, సంగట్లో బియ్యం సగానికి తగ్గించి, పక్కన గోంగూర పప్పో, అలసందలో గట్టిగా. రాత్రికి జొన్నరొట్టె ఒకటి, కూర ఎక్కువ. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, 9.6 నుంచి 8.2కి దిగింది. మధ్యలో డాక్టర్ మాత్రలు కూడా మార్చారు కాబట్టి అదంతా నా గొప్పని చెప్పుకోను.

ఇది ఎందుకు ఇంత సాగదీశానంటే, అన్నా, మీ పాప చదివే పుస్తకాల్లో ఇడ్లీ, పుల్కా, కప్పు కొలతలే ఉంటాయి. మన దగ్గర మనుషులు ముద్దల్లో, గుప్పెళ్లలో, గరిటెల్లో తింటారు. నిన్న ఏం తిన్నావమ్మా అని అడిగి రాసుకోవడాన్ని 24 గంటల రీకాల్ అంటారు, పీజీలో ఊళ్ల మీద పడి అది చేయిస్తారు. "ఏముంది మ్మా, అన్నం తిన్యా" అంటారు. పొలంలో బుడ్డలు (వేరుశనక్కాయలు) పీకుతూ నమిలినవి చెప్పరు, ఎందుకంటే వాళ్ల లెక్కలో అది తిండి కాదు. ఒక 30 గ్రాముల బుడ్డలంటే 7 గ్రాముల ప్రోటీన్, 12 గ్రాముల నూనె. టీ, బొరుగులు, సంతలో తిన్న మిరపకాయ బజ్జీ ఇవన్నీ నాలుగోసారి అడిగితే గానీ బయటికి రావు. ఈ అడిగే పనిలో సీమ పిల్ల హైదరాబాద్ పిల్ల కన్నా ముందుంటుంది. మా బ్యాచ్‌లో నాకు వచ్చిన ఒకే ఒక్క మెచ్చుకోలు అదే.

జీతాల సంగతి దాచను. 2016లో నా మొదటి జీతం 14 వేలు, అదీ పీజీ అయ్యాక. చేరిన మొదటి ఆసుపత్రిలో ప్రోటీన్ పౌడర్ డబ్బాలు నెలకు ఇన్ని అమ్మాలని టార్గెట్ పెట్టారు. కావాల్సినవాళ్లకు రాయడం వేరు, వచ్చిన ప్రతివాళ్లకూ అంటగట్టడం వేరు. గుడ్డు, పెరుగు, పప్పు కొనుక్కోగలిగిన మనిషికి డబ్బా ఎందుకని అడిగితే, నీ పని నువ్వు చూసుకో అన్నారు. ఏడాదికే మానేశా. ఆర్డీ వచ్చాక జీతం పెరిగింది, మాటకు విలువ కూడా పెరిగింది. రౌండ్స్‌లో డాక్టర్లు "డైటీషియన్ ఏమంటారు" అని అడిగే రోజు రావడానికి నాకు మూడేళ్లు పట్టింది.

ఆసుపత్రి ఒక్కటే కాదు. అంగన్‌వాడీలను చూసుకునే ఐసీడీఎస్ సూపర్‌వైజర్ పోస్టులకు హోమ్ సైన్స్ పిల్లలు పోటీ పడతారు, నోటిఫికేషన్ వచ్చినప్పుడే లెండి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో బక్కచిక్కిన పిల్లల కోసం పోషకాహార పునరావాస కేంద్రాలుంటాయి, అక్కడా మన చదువుకు పని ఉంది. లెక్చరర్ పని ఉంది. సొంత క్లినిక్ మాత్రం చదువు అయిన వెంటనే వద్దు, కర్నూల్లో డైటీషియన్‌కు ఫీజు కట్టడం జనానికి ఇంకా అలవాటు కాలేదు. "తినేది చెప్పేదానికి మూడొందలా" అని నా మొహం మీదే అన్నారు.

ఇంటర్న్‌షిప్ గురించి ఇంకొక మాట. కాలేజీ ఎంత పేరున్నదైనా, ఆ ఆరు నెలలు మంచి ఆసుపత్రిలో పడకపోతే పిల్లకు పని రాదు. డయాలసిస్, ఐసీయూ, క్యాన్సర్ వార్డు, పిల్లల వార్డు అన్నీ ఉండాలి, పైన ఒక ఆర్డీ ఉండి నేర్పాలి. కొన్ని చోట్ల ఇంటర్న్‌లను ట్రేలు మోయడానికే వాడుకుంటారు. సీటు తీసుకునే ముందే కాలేజీలో "మీ పిల్లలు ఇంటర్న్‌షిప్‌కు యాడికి పోతారు" అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే అనుమానించండి. హైదరాబాదో బెంగుళూరో అయితే హాస్టల్ ఖర్చు మీదే, ఇంటర్న్‌కు స్టైపెండ్ చాలాచోట్ల ఇవ్వరు. నాకైతే రూపాయి ఇవ్వలేదు. ఆ ఆరు నెలల డబ్బు ఇప్పట్నుంచే పక్కన పెట్టుకోండి.

అడ్మిషన్లకు ఇంకా టైముంది కదా. పాపతో ఒక పని చేయించి చూడండి. మీ ఇంట్లో అవ్వో తాతో ఉంటే, నిన్న పొద్దున లేచినప్పట్నుంచి పడుకునేదాకా నోట్లో వేసుకున్నది మొత్తం, ఎంతెంతో సహా ఒక కాగితం మీద రాయమనండి. విసుక్కోకుండా నాలుగుసార్లు అడిగి, అవ్వ మర్చిపోయిన వక్కాకు దాకా రాబట్టిందంటే ఇక్కడే రాయండి, కాలేజీలు తిరగడానికి ఏ ఆదివారమైనా నేనే తోడొస్తా.