అమ్మానాన్నలకు ఇమిగ్రేషన్ పేపర్లు లేకపోయినా కాలేజీ ఎయిడ్‌కి అప్లై చేయొచ్చు

తమ్ముడూ, నువ్వు కాలిఫోర్నియాలో పుట్టిన సిటిజన్‌వి కాబట్టి పెల్ గ్రాంట్‌కి, అంటే తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ కాలేజీ సాయానికి, అడ్డు లేదు. అమ్మానాన్నల ఇమిగ్రేషన్ స్టేటస్ ఏమిటని ఫాఫ్సా, అంటే ఫెడరల్ ఎయిడ్ అప్లికేషన్ ఫారం, అడగదు. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదనే గడిలో టిక్ పెట్టి వాళ్లు ఫారం నింపడానికి కావాల్సిన StudentAid.gov అకౌంట్ తెరవొచ్చు. దొంగ నంబర్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు.

ఇంతకుముందు మనవాళ్లకు చిక్కు ఎక్కువగా పేర్ల దగ్గరే వచ్చేది. నాన్నగారి అకౌంట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఫారంలో చేరమని నువ్వు వాళ్లకు పంపే ఇన్విటేషన్‌లో ఒక్క అక్షరమే వేస్తే లింక్ కుదిరేది కాదు. పుట్టినతేదీ, అడ్రస్ కూడా అక్షరం పొల్లుపోకుండా సరిపోవాల్సి వచ్చేది. 2026–27 ఫారం నుంచి ఇన్విటేషన్‌కి వాళ్ల ఈమెయిల్ వేస్తే చాలు. వాళ్ల ఈమెయిల్ నీది కాకుండా వేరేది ఉండాలి. టాక్స్ వివరాలు వాటంతటవే రావు, చేత్తో నింపాలి. అయినా వాళ్ల కన్సెంట్, సంతకం తప్పనిసరి.

ఇంట్లో టెన్షన్ అర్థమవుతోంది, అది ఉత్త భయం కాదు. వాళ్ల వివరాలు ఫెడరల్ ప్రభుత్వానికి వెళతాయి. సబ్మిట్ చేసేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి. వద్దనుకుంటే కాడా (కాలిఫోర్నియా డ్రీమ్ యాక్ట్ అప్లికేషన్) ఫారంతో కేవలం రాష్ట్ర సాయం, అంటే కాల్ గ్రాంట్ లాంటివి అడగొచ్చు. మీలాంటి కుటుంబాల పిల్లలకూ ఆ దారి తెరిచారు. కాకపోతే దాంతో పెల్ రాదు. కాలేజీ ఎయిడ్ ఆఫీసులో ఈ వారమే అడుగు.