అధిశోషణమా, శోషణమా?

సందేహం: "మార్పు చేసిన జియోలైట్ నీటిలోని బెంజీన్ వంటి హైడ్రోకార్బన్ కాలుష్యాలను అధిశోషిస్తుంది" అని ఒక వ్యాసంలో చదివాను (జియోలైట్ అంటే సన్నటి రంధ్రాలుండే ఒక ఖనిజం). శోషిస్తుంది అంటే చాలదా? ఇంకోచోట 'అతిశోషణం' అని కూడా కనిపించింది. ఏది ఒప్పు?

సమాధానం: ముందు ఆ 'అతి'ని కొట్టేయండి. ఎక్కువగా పీల్చడం అనుకుని రాస్తున్నట్టున్నారు, అది శుద్ధ తప్పు. ఉన్నది 'అధి', అంటే పైన. కొండ మీది నేల అధిత్యక, కొండనానుకుని కింద ఉన్నది ఉపత్యక. అధిపతిలోని పెత్తనం ఇక్కడ పనికిరాదు.

ఇక శోష. ఈ మాటంటే నాకు చాలా ఇష్టం. శుష్ ధాతువుకు ఎండటం అని అర్థం, శుష్కం అందులోంచి వచ్చిందే. మన్మథుడి అయిదు బాణాల్లో శోషణం ఒకటి, విరహంలో ఉన్నవాళ్లను నిలువునా ఎండగట్టేస్తుంది. ఎంత అరిచినా ఎవరూ వినకపోతే కంఠశోష అంటాం, ఒంట్లో సత్తువ ఇంకిపోయి కూలిపోతే శోష వచ్చింది అంటాం. గమనించారా, వీటన్నిటిలో ఎండేవాడి బాధే ఉంది, పీల్చేవాడి ఊసు లేదు. పాత తెలుగులో ఒకడు శోషించాడంటే వాడు చిక్కిపోయాడని. సైన్సు పుస్తకాల్లో మాత్రం ఆ క్రియ పీల్చేవాడి చేతికొచ్చింది. సరే, స్థిరపడిపోయింది, ఇప్పుడు వెనక్కి లాగలేం.

లోపలికంతా ఇంకితే శోషణం, ఉపరితలానికి అంటుకుంటే అధిశోషణం. రెండోదానికి 1881లో జర్మన్ శాస్త్రవేత్త కైజర్ అడ్సార్ప్షన్ అని వేరే పేరు పెట్టాడు. కాబట్టి "స్పాంజిలా పీల్చేస్తుంది" అనే పత్రికల వాక్యం నాకు మింగుడుపడదు. జియోలైట్ చట్రంలో అల్యూమినియం ఉన్నచోటల్లా రుణావేశం ఉంటుంది, దాన్ని సరిచేయడానికి సోడియం, కాల్షియం అయాన్లు చేరతాయి, అందుకే అది నీటినే ఇష్టపడుతుంది, ఆవేశం లేని బెంజీన్‌ను పెద్దగా పట్టించుకోదు. మార్పు చేయాల్సి వచ్చేది ఇందుకే. అల్యూమినియాన్ని బాగా తగ్గిస్తే రంధ్రాల గోడలు నీటికి విముఖమవుతాయి. జెడ్‌ఎస్‌ఎం-5 రకంలో ఆ రంధ్రం సుమారు 0.55 నానోమీటర్లు, బెంజీన్ అణువు ఇరుగ్గా దూరి గోడను అంటుకుంటుంది. అది అధిశోషణమే, అనుమానం లేదు.

చిక్కంతా రెండో పద్ధతితో. పదహారు కార్బన్ల తోక ఉన్న, సబ్బులాంటి సర్ఫ్యాక్టెంట్‌ను పూస్తారు. ధనావేశం ఉన్న దాని తల రంధ్రాల్లో పట్టదు, బయటి ముఖానికే అతుక్కుంటుంది, దాని మీద ఇంకో వరస చేరుతుంది, తోకలన్నీ కలిసి నూనెలాంటి పొర అవుతాయి. బెంజీన్, టోలీన్ ఆ పొరలోకి కరిగి చేరతాయి. పొర రాతి మీదే ఉన్నా కాలుష్యం పొరలోపలికి పోయింది కదా, మరి దీన్ని శోషణం అనకూడదా? ఇలా తేల్చలేని చోట్ల కోసమే రసాయన శాస్త్రవేత్త మెక్‌బెయిన్ 1909లో రెంటికీ కలిపి సార్ప్షన్ అన్నాడు. మనకు అలాంటి ఉమ్మడి మాట స్థిరపడలేదు.

నన్నడిగితే మామూలు వ్యాసంలో "పట్టుకుంటుంది" చాలు. తుప్పు పట్టింది, నాచు పట్టింది, దుమ్ము పట్టింది అనే భాష మనది, పైన చేరడాన్ని చెప్పలేక సంస్కృతం దగ్గరికి పరుగెత్తక్కర్లేదు. పాఠ్యపుస్తకంలోనైతే అధిశోషణం ఉంచండి. మీరు చదివిన వ్యాసంలో ఏ మార్పు చేశారో రాయలేదు కనుక అక్కడ శోషణం అన్నవాళ్లది తప్పని మాత్రం ఇప్పుడే అనను.