కోడలు ఫిలిప్పీన్స్ నుంచి చిత్తూరుకు వస్తోంది, ఏ వీసా తియ్యాలి?

ప్రశ్న: మాది చిత్తూరు. దుబాయ్‌లో ఉద్యోగం చేసి ఈ మధ్యే వచ్చేశాను. అక్కడ పరిచయమైన ఫిలిప్పీన్స్ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాను. పెళ్ళి వాళ్ళ ఊళ్ళోనే అక్కడి చట్టం ప్రకారం జరిగింది, రిజిస్టర్ కూడా అయింది. తను నర్సు, ఇప్పుడు పుట్టింట్లో ఉంది. ఇద్దరం చిత్తూరులోనే ఉండాలనుకుంటున్నాం. టూరిస్ట్ వీసా మీద రప్పించు, మిగతావి తర్వాత చూసుకోవచ్చు అని ఫ్రెండ్స్ అంటున్నారు. పెళ్ళయింది కాబట్టి సిటిజన్‌షిప్ వచ్చేస్తుందని మా బావ అంటున్నాడు. అమ్మేమో తిరుపతిలో మళ్ళీ పెళ్ళి చేసి ఇక్కడే రిజిస్టర్ చేయిద్దాం అంటోంది. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీ బావగారి మాట ముందు పక్కన పెట్టండి. పెళ్ళి చేసుకున్నంత మాత్రాన మన దేశ పౌరసత్వం రాదు. భారతీయుడి భార్య ఇక్కడ 7 ఏళ్ళు నివాసం ఉన్నాక అప్లై చేసుకోవచ్చు, అది కూడా తన దేశపు పౌరసత్వం వదులుకోవడానికి ఒప్పుకుంటేనే. అది చాలా దూరం మాట, వదులుకోవాలా వద్దా అన్నది ఆవిడే ఆలోచించుకోవాల్సిన విషయం.

టూరిస్ట్ వీసా వద్దే వద్దు. అది చూడ్డానికి వచ్చి వెళ్ళిపోయేవాళ్ళకు ఇచ్చేది, కాపురానికి కాదు. దాని మీద వచ్చి ఇక్కడ ఓసీఐ కార్డుకు (పౌరసత్వం లేకున్నా మన దేశంలో ఎంతకాలమైనా ఉండనిచ్చే కార్డు) అప్లై చెయ్యడం కూడా కుదరదు. భారతీయుల భార్యకో భర్తకో ఇచ్చేది ఎంట్రీ వీసా, ఎక్స్ వీసా అంటారు. మనీలాలోని మన ఎంబసీలో అప్లై చెయ్యాలి. అక్కడ జనన, వివాహ రికార్డులు చూసే ప్రభుత్వ సంస్థ పీఎస్‌ఏ ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకుని, దాని మీద వాళ్ళ విదేశాంగ శాఖతో అపోస్టిల్, అంటే ఇతర దేశాల్లో చెల్లే ధ్రువీకరణ ముద్ర, వేయించండి. ఫిలిప్పీన్స్ 2019లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది కాబట్టి ఆ ముద్ర ఇక్కడ చెల్లుతుంది. ఈలోగా మీరు కూడా పాస్‌పోర్ట్ ఆఫీసులో మీ పాస్‌పోర్టుకు భార్య పేరు చేర్పించుకోండి, ముందు ముందు ప్రతి చోటా అది పనికొస్తుంది.

ఇక్కడ పేర్ల విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మంది ఫైళ్ళు ఆగేది అక్కడే. మనకు ఇంటిపేరు ముందుంటుంది, చాలామంది పాస్‌పోర్టులో అది పొడి అక్షరంగానే ఉండిపోతుంది. ఫిలిప్పీన్స్‌లో ఆడపిల్ల పేరు మధ్యలో తల్లి పుట్టింటి ఇంటిపేరు వస్తుంది, చివర తండ్రి ఇంటిపేరు. పెళ్ళయ్యాక భర్త ఇంటిపేరు పెట్టుకుంటే అంతకుముందు చివర ఉన్నది మధ్యలోకి జరుగుతుంది. అంటే మ్యారేజ్ సర్టిఫికెట్‌లో ఒక పేరు, కొత్త పాస్‌పోర్టులో ఇంకో పేరు, మీ వైపు చూస్తే ఒక కాగితంలో పూర్తి ఇంటిపేరు, ఇంకో కాగితంలో ఒట్టి అక్షరం. ఇది మనకు మామూలుగా కనిపిస్తుంది గానీ కంప్యూటర్ ముందు కూర్చున్న ఆఫీసరుకు ఇద్దరు వేరే మనుషుల్లా కనిపిస్తారు. పేరు మార్చుకోవడం అక్కడ తప్పనిసరి కాదు. తన పేరు తనకే ఉంచితే పని సగం తేలికవుతుంది, నా సలహా అదే. మీ పాస్‌పోర్టులో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంటే ఇప్పుడే పూర్తిగా రాయించుకోండి.

ఇంకొకటి, మన వైపు దాదాపు ఎవరికీ తెలియదు. విదేశీయుణ్ణి పెళ్ళి చేసుకుని భర్త దగ్గరకు వెళ్ళే ఫిలిప్పీన్స్ పౌరులు బయలుదేరేలోపు సీఎఫ్ఓ అనే వాళ్ళ ప్రభుత్వ సంస్థ దగ్గర కౌన్సెలింగ్‌కు హాజరై సర్టిఫికెట్ తీసుకోవాలి. అది లేకపోతే వీసా, టికెట్ చేతిలో ఉన్నా మనీలా ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. పెళ్ళి పేరుతో ఆడపిల్లల్ని తీసుకెళ్ళి మోసం చేసిన సంఘటనల వల్లే ఆ ఏర్పాటు వచ్చింది, కాబట్టి దాన్ని తతంగం అనుకోకండి. మీ ఊరు, మీ ఇల్లు, మీ సంపాదన గురించి తనకు నిజంగా తెలిసి ఉండాలి. మీరు దాచిందేదైనా ఉంటే ముందే చెప్పేయండి.

వచ్చాక రెండు పనులు. విదేశీయులు దిగిన 24 గంటల్లో ఆ వివరాలు ఆన్‌లైన్‌లో పెట్టాలి, జనం సీ ఫారం అంటారు. హోటల్లో దిగితే వాళ్ళు చూసుకుంటారు, మీ ఇంట్లో దిగితే మీదే బాధ్యత. వీసా 180 రోజులకు మించినదైతే 14 రోజుల్లోపు ఈ-ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు) పోర్టల్లో రిజిస్ట్రేషన్ చేయించాలి. అద్దె ఇల్లు మారినా అక్కడే చెప్పాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి ఇమ్మిగ్రేషన్ చట్టం కొత్తది వచ్చింది, పాత 1946 చట్టం పోయింది, కాబట్టి ఎవరో పదేళ్ళ కిందట చేసినట్టు చెయ్యకండి.

మీ పెళ్ళి రిజిస్టరై రెండేళ్ళు నిండాక, ఇద్దరూ కలిసే ఉంటే, ఓసీఐకి అప్లై చేసుకోవచ్చు. ఇక్కడ అయితే ఫీజు 15 వేలు. అది వస్తే ఎఫ్ఆర్ఆర్ఓ రిజిస్ట్రేషన్ గొడవ ఉండదు. నర్సు అన్నారు కదా, అదే ముఖ్యం. ఎక్స్ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. ఓసీఐ ఉంటే 2021 నోటిఫికేషన్ ప్రకారం డాక్టర్లు, నర్సులు ఎన్నారైలతో సమానంగా వృత్తి చేసుకోవచ్చు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మాత్రం విడిగా చేయించుకోవాలి. ఈ రెండేళ్ళూ జీతం లేకుండా, భాష రాకుండా, ఇంట్లో కూర్చోవాల్సి వస్తుందని వచ్చే ముందే తనకు తెలియాలి. సంపాదించుకుని పుట్టింటికి డబ్బు పంపిన మనిషి ఖర్చులకు చెయ్యి చాపాల్సి రావడం చిన్న కష్టం కాదు. తన పేరు మీద బ్యాంకు అకౌంట్ తెరిచి నెలనెలా కొంత వేస్తూ ఉండండి.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇది: ఫైలంతా ఆవిడ దగ్గరే ఉండాలి. పాస్‌పోర్టు, వీసా కాపీ, రిజిస్ట్రేషన్ కాగితం, పోర్టల్ పాస్‌వర్డ్, గడువు తేదీలు అన్నీ. బీరువాలో పెట్టి తాళం మీ అమ్మగారి దగ్గర ఉంచడం మన ఇళ్ళల్లో ప్రేమతోనే చేస్తారు, కానీ పరాయి దేశంలో మనిషికి ఆ కాగితాలే ఆధారం. కోర్టులో విడాకులైతే భార్యగా వచ్చిన ఓసీఐ రద్దు కావచ్చని కూడా తనకు చెప్పండి. మీ ఇద్దరి మధ్య అలాంటిది జరగదని నాకూ నమ్మకమే, అయినా తెలుసుకునే హక్కు తనది.

తిరుపతిలో పెళ్ళి సంగతి: వేడుకగా చేసుకోండి, తలంబ్రాలు, భోజనాలు, బంధువులు, అన్నీ. రిజిస్ట్రేషన్ మాత్రం మళ్ళీ వద్దు. హిందూ వివాహ చట్టం వధూవరులిద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది, తను క్రైస్తవురాలైతే అది కుదరదు. పైగా రెండు పెళ్ళి తేదీలతో రెండు సర్టిఫికెట్లుంటే ఓసీఐ దగ్గర ఏది నిజమని అడుగుతారు. అపోస్టిల్ వేసిన సర్టిఫికెట్ ఒక్కటే చాలు.

ప్రశ్న: మా కోడలు కూడా విదేశీ అమ్మాయే, ఇప్పుడు ఐదో నెల. పుట్టే బిడ్డ ఏ దేశం కిందికి వస్తుంది? మాకున్న మామిడి తోట కోడలి పేరన పెట్టాలని ఆయన ఆశ. తిరుమల దర్శనానికి తీసుకెళ్ళొచ్చా?
– ఒక అత్తగారు, తిరుపతి

జవాబు: సంతోషం అమ్మా. బిడ్డ ఇక్కడ పుడితే, మీ అబ్బాయి భారతీయ పౌరుడై, కోడలి వీసా చెల్లుబాటులో ఉంటే, పుట్టుకతోనే మన పౌరుడు. గడువు దాటిన వీసాతో ఉంటే ఆ హక్కుకే ముప్పు, కాబట్టి కాన్పు హడావుడిలో వీసా తేదీ మర్చిపోకండి, ఇవాళే తీసి చూడండి. తల్లి తరఫున ఆ దేశపు హక్కు కూడా బిడ్డకు రావచ్చు, కానీ మన పాస్‌పోర్టు తియ్యాలంటే వాళ్ళ పాస్‌పోర్టు తియ్యకూడదు. తొందరపడి రెండూ తియ్యకండి.

తోట విషయంలో పెద్దాయనకు నచ్చజెప్పండి. ఓసీఐ ఉన్నవాళ్ళు ఇల్లు, ఫ్లాట్ కొనుక్కోవచ్చు, సాగు భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. కోడలి మీద అంత అభిమానం ఉంటే ఓసీఐ వచ్చాక ఒక ఇల్లు కొనివ్వండి, తోట మనవడికో మనవరాలికో రాసుకోవచ్చు.

దర్శనానికి తప్పకుండా తీసుకెళ్ళండి. హిందువు కాకపోతే స్వామి మీద విశ్వాసం ఉందని డిక్లరేషన్ ఇవ్వాలి. అందులో ఏముందో కోడలికి చదివి చెప్పి, తనకు ఇష్టమైతేనే సంతకం పెట్టించండి. పాస్‌పోర్టు ఒరిజినల్ వెంట ఉండాలి. కడుపుతో ఉన్న మనిషి కాబట్టి, రద్దీ లేని రోజు చూసి కొండెక్కండి.