298 మీటర్లా, 553 మీటర్లా? టొరంటో ఎత్తుల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

కెనడాలో పిల్లలున్న ఇళ్ల నుంచి, సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థుల నుంచి టొరంటో భవనాల గురించి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి టొరంటోలో చదువుకుంటున్నాడు. సీఎన్ టవర్ ముందు నిలబడి ఫొటో పంపి, "కెనడాలో అన్నిటికన్నా ఎత్తైన బిల్డింగ్ ఇదే నాన్నా" అన్నాడు. మా పెద్దల్లుడేమో అది అసలు బిల్డింగే కాదంటాడు. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: లెక్క ప్రకారం మీ అల్లుడిగారి మాటే నిజం. అలాగని ఎత్తు గురించి మీ అబ్బాయి అన్నమాటా అబద్ధం కాదు. కొసనున్న యాంటెన్నాతో కలిపి సీఎన్ టవర్ 553.3 మీటర్లు. 1975లో మాస్కోలోని ఒస్టాంకినో టవర్‌ను దాటింది. 2007లో దుబాయ్‌లో కడుతున్న బుర్జ్ ఖలీఫా దాన్ని మించేదాకా, నేల మీద ఏ తీగల ఆధారమూ లేకుండా నిలబడ్డ కట్టడాల్లో ప్రపంచంలోకెల్లా ఎత్తైనది అదే.

చిక్కు 'భవనం' అనే మాట దగ్గర వస్తుంది. ఎత్తుల లెక్కలు చూసే అంతర్జాతీయ మండలి షికాగోలో ఉంది. మొత్తం ఎత్తులో కనీసం సగం మేర మనుషులు నివసించే, పనిచేసే అంతస్తులుంటేనే దాన్ని భవనం అనాలన్నది వాళ్ల నియమం. సీఎన్ టవర్‌లో చాలా భాగం లిఫ్టులు, మెట్లు, కేబుళ్లు నడిచే కాంక్రీటు స్తంభం. సందర్శకుల అంతస్తులు పైన కొద్దిచోటే ఉన్నాయి. అందుకే అది టవర్.

ఇంకో మెలిక ఉంది. భవనాల ఎత్తు లెక్కలో శిఖరాన్ని కలుపుతారు, యాంటెన్నాను కలపరు. శిఖరం వాస్తుశిల్పి గీసిన రూపంలో భాగం. యాంటెన్నా పరికరం, రేపు తీసేసి ఇంకోటి పెట్టొచ్చు. ఉదాహరణకు, 1975లో పూర్తయిన 72 అంతస్తుల ఫస్ట్ కెనేడియన్ ప్లేస్ భవనం కప్పు దాకా 298 మీటర్లు, యాంటెన్నా కొసదాకా కొలిస్తే 355. జాబితాల్లో కనిపించేది 298 మాత్రమే. దానికి దగ్గర్లోనే ఎర్ర గ్రానైటు తొడిగిన స్కోషియా ప్లాజా ఉంది (1988, 68 అంతస్తులు). దాని ఎత్తు 275 మీటర్లు, అదంతా కట్టిన ఎత్తే. సెయింట్ రీజిస్ హోటల్ ఉన్న భవనం 2012లో వచ్చి సుమారు 277 మీటర్లతో దాన్ని దాటింది, అదీ నెత్తిమీది శిఖరం పుణ్యాన. కిందనుంచి చూసేవాళ్లకు ఈ వరస నమ్మబుద్ధి కాదు, కానీ నియమం ప్రకారం అదే సరైనది.

300 మీటర్లు దాటితే 'సూపర్‌టాల్' అంటారు. ఫస్ట్ కెనేడియన్ ప్లేస్ 2 మీటర్ల తేడాతో ఆ గీతకు ఇవతలే ఆగిపోయింది. ఆ గీత దాటేలా గీసినవాటిలో రెండింటి పని టొరంటోలో మొదలైంది. సరస్సు ఒడ్డున యంగ్ స్ట్రీట్ మొదట్లో 106 అంతస్తుల స్కైటవర్, దాని ప్రణాళిక ఎత్తు దాదాపు 352 మీటర్లు. యంగ్, బ్లూర్ వీధుల కూడలిలో 'ద వన్'గా మొదలైనది రెండోది. అప్పుల చిక్కులతో 2023లో కోర్టు దాన్ని రిసీవర్ (అప్పులవాళ్ల తరఫున ఆస్తిని చూసుకునేందుకు కోర్టు నియమించే సంస్థ) చేతికి అప్పగించింది. మీ అబ్బాయి జాబితా చూసేటప్పుడు ఒక్క సంగతి గమనించమనండి: పై కొస వేసేసినంత మాత్రాన భవనం 'పూర్తయిన' లెక్కలోకి రాదు. బయటి తొడుగు పూర్తయి, కొంత భాగంలోనైనా జనం చేరడానికి వీలుండాలి. రెండు జాబితాలు రెండు రకాలుగా చెప్పడానికి చాలాసార్లు కారణం ఇదే.

ప్రశ్న: సీఎన్ టవర్‌ను స్లిప్‌ఫార్మ్ పద్ధతిలో పోశారని చదివాను. మామూలు షట్టరింగ్‌కూ దీనికీ తేడా ఏమిటి? అంత ఎత్తున నిటారుగా ఎలా వచ్చింది?
– సివిల్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మన థర్మల్ కేంద్రాల పొగగొట్టాలు పోసే పద్ధతే ఇది. మామూలు షట్టరింగ్‌లో పోస్తాం, గట్టిపడేదాకా ఆగుతాం, విప్పి పైన మళ్లీ బిగిస్తాం. స్లిప్‌ఫార్మ్‌లో విప్పడం ఉండదు. సుమారు 1.2 మీటర్ల ఎత్తున్న అచ్చు హైడ్రాలిక్ జాకీల మీద నిదానంగా పాకుతూ ఉంటుంది. పైనుంచి 20–25 సెంటీమీటర్ల పొరలుగా కాంక్రీటు పోస్తూనే ఉంటారు. అచ్చు అడుగునుంచి బయటపడేసరికి కాంక్రీటు తన బరువు తాను మోసేంత గట్టిపడి ఉండాలి.

మొత్తం నైపుణ్యం ఆ వేగంలోనే ఉంది. సీఎన్ టవర్ రోజుకు దాదాపు 6 మీటర్లు, అంటే గంటకు 25 సెంటీమీటర్ల చొప్పున లేచింది. 1.2 మీటర్ల అచ్చనుకుంటే ఏ పొరైనా అందులో ఉండేది 5 గంటలే. అంతకన్నా తొందరపడితే పచ్చి కాంక్రీటు ఉబ్బి జారుతుంది. ఆలస్యం చేస్తే అచ్చుకు అతుక్కుని, జాకీ లేపినప్పుడు గోడ అడ్డంగా చిట్లుతుంది. చలికి కాంక్రీటు గట్టిపడటం మందగిస్తుంది కాబట్టి టొరంటో శీతకాలంలో వేడి, మిశ్రమం, వేగం మూడింటినీ కలిపి సర్దుకోవాలి. పైగా ఈ టవర్ మూడు కాళ్లూ పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. అచ్చును కూడా ఎక్కేకొద్దీ కుదించుకుంటూ పోయారు.

నిటారుతనాన్ని లంబసూత్రపు గుండుతోనూ, దృశ్య పరికరాలతోనూ పదేపదే చూసుకున్నారు. చివరికి తేలిన వంపు 3 సెంటీమీటర్ల లోపే. పైనున్న 102 మీటర్ల యాంటెన్నాను ముక్కలుగా మోసింది సికోర్‌స్కీ స్కైక్రేన్ హెలికాప్టర్, దాని ముద్దుపేరు ఓల్గా. క్రేనుతో నెలలు పట్టే పని మూడున్నర వారాల్లో అయిపోయింది.

ప్రశ్న: ఫస్ట్ కెనేడియన్ ప్లేస్‌కున్న తెల్ల పాలరాయి మొత్తం పీకేశారట కదా, ఎందుకు? మేం కడుతున్న ఇంటి ఎలివేషన్‌కు తెల్ల మార్బుల్ వేయిద్దామనుకుంటున్నాం, అందుకే అడుగుతున్నాను.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వేయించకండి అమ్మా. ఎందుకో ఆ భవనమే చెబుతుంది.

ఇటలీలోని కరారా నుంచి తెచ్చిన పాలరాతి పలకలు దాదాపు 45,000 దాని ఒంటినిండా ఉండేవి. 2007 మే నెలలో ఒక పలక 54వ అంతస్తు నుంచి ఊడి, మూడో అంతస్తు కప్పు మీద పడింది. దాని బరువు సుమారు 140 కిలోలు. అదృష్టం బాగుండి అది వీధిలో పడలేదు. పోలీసులు చుట్టుపక్కల రోడ్లు మూసేశారు.

లోపం పాలరాయి గుణంలోనే ఉంది. అది కాల్సైట్ స్ఫటికాల ముద్ద. కాల్సైట్ వేడెక్కితే ఒక దిక్కున సాగుతుంది, దానికి అడ్డదిక్కున కుంచించుకుంటుంది. రాయిలో ఒక్కో రేణువు ఒక్కో వైపు తిరిగి ఉంటుంది కాబట్టి, ఎండ తగిలినప్పుడల్లా అవి ఒకదాన్నొకటి ఒరుసుకుని అంచుల దగ్గర పట్టు వదులుతాయి. చల్లారాక రాయి పాత కొలతకు పూర్తిగా తిరిగి రాదు. ఆ సన్నని సందుల్లో తేమ చేరితే పని ఇంకా చెడుతుంది. ఎండ తగిలే ముఖం, గోడవైపు ముఖం ఒకేలా సాగవు. దాంతో పలక ఎండబెట్టిన అప్పడంలా వంగుతుంది. వంగిన పలక తనను పట్టుకున్న కొక్కేల దగ్గర ఒత్తిడి పెంచుకుంటుంది, అప్పటికే బలం తగ్గిన రాయి అక్కడే విరుగుతుంది. టొరంటోలో శీతకాలం సున్నాకు 20 డిగ్రీలు కిందికి పోతుంది, వేసవి 30 దాటుతుంది. అటువంటిచోట ఇది ఏటేటా పేరుకుపోయే నష్టం.

శతాబ్దాల నాటి పాలరాతి కట్టడాలు నిలిచే ఉన్నాయి కదా అని మీకు అనిపించొచ్చు. వాటిలో రాయి మందపాటి దిమ్మెలుగా ఉంటుంది. 20వ శతాబ్దంలో రంపాలు బాగుపడి మూడు నాలుగు సెంటీమీటర్ల పలకలు కోయడం సులువయ్యాకే ఈ జబ్బు బయటపడింది. షికాగోలో అప్పట్లో అమోకో భవనమని పిలిచిన టవర్‌కూ ఇదే గతి పట్టింది. రెండింటి రూపకల్పనలోనూ వాస్తుశిల్పి ఎడ్వర్డ్ డ్యూరెల్ స్టోన్ చెయ్యి ఉంది. అక్కడ 1990–92లో పాలరాయి మొత్తం తీసి గ్రానైటు వేశారు. టొరంటోలో మాత్రం అద్దం ఎంచుకున్నారు. తెల్లని నగిషీ ముద్రించిన లామినేటెడ్ (మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్న) అద్దం పలకలు 5,370. ఎనిమిదేసి పాలరాళ్ల చోటును ఇంచుమించు ఒక్కో అద్దం పలక తీసుకుందన్నమాట. పని 2012లో ముగిసింది. దూరం నుంచి ఇప్పటికీ తెల్లగానే కనిపిస్తుంది. అది మంచి నిర్ణయమని మా అభిప్రాయం.

మీ ఇంటి విషయానికొస్తే, బయటికి గ్రానైటే వేయించండి. గ్రానైటుకు ఈ వంగే గుణం ఇంతగా లేదు, చీమకుర్తి రాయి చేతికందేంత దూరంలోనే ఉంది. మొదటి అంతస్తు దాటి వేసే పలకలను ఒట్టి సిమెంటుతో అంటించి వదిలేయొద్దు. తుప్పుపట్టని స్టీలు క్లాంపులతో బిగించమనండి. పలకల మధ్య 6–8 మిల్లీమీటర్ల సందు వదిలి సిలికాన్ నింపించండి. పలకను పలకకు ఆనించి బిగిస్తే సాగడానికి చోటుండదు, అంచులు పగులుతాయి. ఇప్పటికే బయట మార్బుల్ వేయించుకున్నవాళ్లు ఏడాదికోసారి మీటరు అల్యూమినియం పట్టీని పలక మీద ఆనించి చూడండి. మధ్యలో గానీ చివర్లలో గానీ రెండు మూడు మిల్లీమీటర్ల సందు కనబడితే ఇంజనీరును పిలవండి.

ప్రశ్న: రాయల్ బ్యాంక్ ప్లాజా అద్దాల్లో నిజం బంగారం ఉందా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఉంది. సుమారు 14,000 కిటికీ అద్దాలకు మొత్తం 2,500 ఔన్సుల బంగారాన్ని పలచటి పూతగా వేశారు. ఆడంబరం ఒక్కటే కారణం కాదు. బంగారం వెలుతురును కొంత రానిచ్చి వేడిని తిప్పికొడుతుంది, ఏసీ ఖర్చు తగ్గుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి టొరంటోలో 40వ అంతస్తు కాండోలో (అపార్ట్‌మెంట్ ఫ్లాటులో) అద్దెకుంటోంది. అక్కడ బాల్కనీ అద్దాలు వాటంతటవే పగిలి పడ్డాయని విని మాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, వరంగల్

జవాబు: మీరు విన్నది 2010–2012 ప్రాంతపు సంగతి. అప్పట్లో పలు కొత్త కాండోల్లో టఫెన్డ్ (కాల్చి గట్టిపరిచిన) అద్దాలు పగిలి వీధుల్లో పడ్డాయి. అద్దం తయారీలో నికెల్ సల్ఫైడ్ అనే కంటికానని రేణువు లోపల ఉండిపోవడం దీనికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి. టఫెన్ చేయడానికి కాల్చి ఒక్కసారిగా చల్లార్చినప్పుడు ఆ రేణువు కుంచించుకున్న రూపంలోనే బిగుసుకుపోతుంది. తర్వాత నెలలకో, ఏళ్లకో నిదానంగా ఉబ్బుతుంది. టఫెన్డ్ అద్దం నడిమి పొర ఎప్పుడూ లాగుడులో ఉంటుంది కాబట్టి ఆ కొంచెం ఉబ్బుకే పలకంతా చిన్న ముక్కలైపోతుంది. పగలగొట్టిన చెయ్యంటూ ఏదీ ఉండదు. అద్దం అంచు లోహపు చట్రానికి నేరుగా తగిలేలా బిగించినా పగులుతుంది.

2012 జులై 1 నుంచి టొరంటో ఉన్న అంటారియో రాష్ట్రం నిబంధన మార్చింది. శ్లాబు అంచును దాటి బయటికి గానీ, అంచుకు మరీ దగ్గరగా గానీ ఉండే రెయిలింగ్ అద్దం హీట్-స్ట్రెంతెన్డ్ లామినేటెడ్ అయి ఉండాలి. అంటే రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర. పగిలినా ముక్కలు ఆ పొరకు అంటుకుని ఉండిపోతాయి.

మీ అమ్మాయిని ఇవి చూడమనండి. మొదట, భవనానికి అనుమతి ఏ ఏడాదిదో మేనేజ్‌మెంట్‌ను అడగాలి. పాతదైతే అద్దాలు మార్చారా అని కూడా. తర్వాత అద్దం మూలన చిన్న అక్షరాల ముద్ర ఉంటుంది, దాన్ని ఫొటో తీసి వాళ్లకే చూపిస్తే ఏ రకమో చెబుతారు. అద్దం అంచు కనబడితే మధ్యలో సన్నని గీత ఉందేమో చూడాలి, ఉంటే లామినేటెడ్. అంచున పెచ్చు లేచినా, పట్టుకునే రబ్బరు ఊడినా అదే రోజు రాసి పంపాలి. రెయిలింగ్‌కు బట్టల తీగ కట్టడం, పూలకుండీలు వేలాడదీయడం ఎప్పుడూ వద్దు.

ప్రశ్న: సీఎన్ టవర్‌ను మెట్ల మీదుగా ఎక్కనిస్తారా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మామూలు రోజుల్లో ఎక్కనివ్వరు. సేవా సంస్థల విరాళాల కోసం జరిపే ఎక్కుడు కార్యక్రమాలప్పుడు మాత్రం 1,776 మెట్లూ ఎక్కొచ్చు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి.

ప్రశ్న: మేం టొరంటోలో ఎత్తైన కాండోలో ఉంటున్నాం. చలికాలం రాగానే లిఫ్టు దగ్గర ఈలలాంటి చప్పుడు, కింది తలుపు లాగితే రాదు, మా కిటికీలకు నీళ్లు కారతాయి. భవనంలో లోపమా?
– మిసిసాగా నుంచి ఈ మధ్యే మారిన పాఠకురాలు

జవాబు: చాలావరకు అది భౌతికశాస్త్రం, కొంత వంటింటి ఆవిరి. బయట సున్నాకు 15 డిగ్రీలు కింద, లోపల 22 ఉంటే భవనమంతా ఒక పొగగొట్టమైపోతుంది. లోపలి వెచ్చని గాలి పైకి పోయి పై అంతస్తుల సందుల్లోంచి బయటపడుతుంది, ఆ ఖాళీని నింపడానికి కింద చల్లగాలి లోపలికి దూసుకొస్తుంది. 200 మీటర్ల భవనంలో ఈ ఒత్తిడి తేడా నేల దగ్గర దాదాపు 170 పాస్కల్స్ దాకా చేరుతుంది. అదంతా ఒక్క తలుపు మీదే పడితే, 2 చదరపు మీటర్ల తలుపును 34 కిలోల బరువుతో నొక్కిపట్టినట్టే. అందుకే కింద గిరగిర తిరిగే తలుపులు పెడతారు. వాటిని వదిలి పక్క తలుపును తెరిచి ఉంచితే లిఫ్టు గుంటలోకి గాలి ఎగదన్నుతుంది, ఆ ఈల అదే. ఒక్కోసారి లిఫ్టు తలుపులు మూసుకోవడానికి మొరాయిస్తాయి కూడా.

కిటికీ నీళ్లకు ముందుగా చూడాల్సింది మీ ఫ్లాటు ముఖద్వారం కింది సందు. అక్కడి చాలా కాండోల్లో ఫ్లాట్ల ముందున్న వరండాలోకి (కారిడార్‌లోకి) తోసిన తాజా గాలి ఆ సందులోంచే ఇంట్లోకి రావాలి. చప్పుడనో, పక్కింటి వాసనలనో తువ్వాలు కుక్కితే ఆ గాలి ఆగుతుంది, బాత్‌రూమ్ ఫ్యానూ పొయ్యి మీది హుడ్డూ లాగడానికి గాలి లేక ఊరికే తిరుగుతాయి. అన్నం వార్చినా, కుక్కరు కూత పెట్టినా, పులుసు మరిగినా హుడ్డు ముందే వేసి, పొయ్యి ఆపాక మరో 15 నిమిషాలు ఉంచండి. చిన్న తేమ మీటరు కొని, గట్టి చలిలో ఇంటి తేమ 30 శాతం దగ్గర ఉండేలా చూసుకోండి. బట్టలు గదిలో ఆరేస్తే ఆ అంకె ఎప్పటికీ దిగదు. కర్టెన్లు పగలంతా తెరిచి ఉంచితే వెచ్చగాలి అద్దానికి తగిలి తడి ఆరుతుంది. ఇవన్నీ చేశాక కూడా ఒకే కిటికీకి, అదీ రెండు అద్దాల నడుమ తడి కనిపిస్తే, ఆ అద్దం సీలు పోయినట్టే. దాన్ని మీరు బాగుచేయలేరు, మేనేజ్‌మెంట్‌కు రాసి మార్పించుకోవాలి.